వాల్వు తిరిగి వచ్చింది – పాట మారిందా?

వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్ ఒక తరం క్రితం వరకు పొలాలూ, పాడిపశువులూ ఉన్న పల్లెసీమ. 1990ల చివరినుండి అక్కడ వరుసగా వెలసిన డేటా సెంటర్ల మూలంగా లౌడన్ కౌంటీ నేడు ప్రపంచంలో కంప్యూటర్ల గిడ్డంగులు అత్యంత దట్టంగా నెలకొన్న ప్రాంతంగా పేరుపొందింది. కిటికీలు లేని ఆ మహాభవనాలలో ఎన్ని ట్రాన్సిస్టర్లు పనిచేస్తున్నవో లెక్కకు అందదు. వాటి సమీపంలో ఇల్లు కట్టుకొని, వాటినే నమ్ముకొన్న ఉద్యోగం చేసే తెలుగు గృహస్థు సాయంత్రం ఇల్లు చేరి, హాలులో బల్లమీద కొత్త ఆంప్లిఫయరు మీట నొక్కి, అందులోని రెండు గాజుగొట్టాలు నారింజరంగుతో మెల్లగా వెలగడం చూసి మురిసిపోతున్నాడంటే, అందులో కొంత వింత ఉన్నది. ఆ గాజుగొట్టాన్ని అమెరికాలో ట్యూబు అంటారు. ఆంధ్రదేశంలో రేడియో బాగుచేసే ప్రతి కొట్టులోనూ దానిని వాల్వు అనేవారు.

ఈ కొత్త యంత్రానికి హైబ్రిడ్ ఆంప్లిఫయరు అని పేరు. హైబ్రిడ్ అనగానే తెలుగువారికి వరి వంగడాలూ, జొన్న వంగడాలూ గుర్తుకు వస్తాయి. ఇదీ ఆ తరహా సంకరమే. పాట సంకేతం మొదట వాల్వు గుండా పోతుంది. స్పీకరును నడిపే బరువుపని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. రెండు జాతుల గుణాలూ ఒకే పెట్టెలో లభిస్తాయని అమ్మేవారి మాట. వందల డాలర్లనుండి వేల డాలర్లదాకా ధరలున్నాయి. వాల్వు తెచ్చేది ఒక రంగు మాత్రమే, అదీ చాలా పలుచని రంగు. ఆ రంగు నచ్చి కొనుక్కోవడంలో తప్పులేదు. అది పాటలోని సత్యాన్ని వెలికితీస్తుందని నమ్మి కొంటేనే పొరపాటు.

వాల్వు పనితీరు కాలువ తూము ఎరిగినవారికి కష్టం కాదు. గాలి తీసివేసిన గాజుగొట్టంలో వేడెక్కిన లోహంనుండి ఎలక్ట్రానులు వెలువడి ఎదుట ఉన్న ప్లేటువైపు పరుగెత్తుతాయి. నడుమ ఒక సన్నని తీగల జాలకం ఉంటుంది. దానిమీద విద్యుత్పీడనాన్ని కాస్త మార్చితే ఆ ప్రవాహం ఎంతో మారుతుంది. ఒక్క మనిషి చేతితో తూము తలుపును జానెడు ఎత్తితే వంద ఎకరాలకు నీరు పారినట్లు, బలహీనమైన సంకేతం బలమైన ప్రవాహాన్ని శాసిస్తుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ జాలకం లేని వాల్వును నిర్మించాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి జాలకాన్ని జోడించే మార్గం పట్టాడు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. తరువాత పాతికేళ్ళలో వాల్వు ఇళ్ళనుండి దాదాపుగా నిష్క్రమించింది. ఇండియాలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించగా, ఆ మరుసటి ఏడే అదే సంస్థ జెర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీకి పూనుకొన్నది. వాల్వుకు పురుడు పోసిన ఇంటనే దాని సవతి కూడా కాలుపెట్టినదన్నమాట.

మరి సంకరం ఎందుకు? వాల్వుకు ఒక పెద్ద చిక్కు ఉన్నది. అది వందల వోల్టుల పీడనంతో, స్వల్పమైన విద్యుత్ప్రవాహంతో పనిచేస్తుంది. స్పీకరుకు కావలసినది ఇందుకు సరిగ్గా విరుద్ధం. నాలుగో ఎనిమిదో ఓముల నిరోధమున్న తీగచుట్టకు కొద్ది వోల్టులు, ఎక్కువ ప్రవాహం. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి పాతకాలపు ఆంప్లిఫయరులో ఇనుపరేకులూ, రాగితీగలూ కలిసిన ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. యంత్రం బరువులోనూ, ఖరీదులోనూ పెద్దపాలు దానిదే. హైబ్రిడ్‌లో స్పీకరును నడిపేది ట్రాన్సిస్టర్లు కనుక ఆ ట్రాన్స్‌ఫార్మరుతో పనిలేదు.

ప్రకటనలలో కనిపించని సంగతి ఇక్కడే ఉన్నది. పూర్తి వాల్వు ఆంప్లిఫయరులో "వాల్వు నాదం" అని రసికులు మెచ్చుకొనే గుణంలో చాలా భాగం ఆ ట్రాన్స్‌ఫార్మరునుండీ, దానివలన స్పీకరుకు కనిపించే అంతర్నిరోధం నుండీ వచ్చినదే. స్పీకరు నిరోధం అన్ని స్వరాలకూ ఒకటి కాదు. ఒక స్వరం దగ్గర ఆరు ఓములు, మరొక స్వరం దగ్గర ఇరవై ఓములు ఉండవచ్చు. అంతర్నిరోధం ఎక్కువ ఉన్న ఆంప్లిఫయరు ఆ హెచ్చుతగ్గులను అనుసరించి కొన్ని స్వరాలను ఒక పిసరు పెంచి, కొన్నిటిని తగ్గిస్తుంది. చెవికి అదే నిండుదనంగా తోస్తుంది. ట్రాన్సిస్టర్లు నడిపే హైబ్రిడ్‌కు ఆ అంతర్నిరోధం అత్యల్పం. కనుక వాల్వును ముందు గదిలో కూర్చోబెట్టి, వాల్వు నాదంలో పెద్దపాలును వెనుక గుమ్మం గుండా సాగనంపినట్లయింది.

మిగిలినది అనుస్వరాల వ్యవహారం. ఇది మాత్రం కర్ణాటక సంగీతం వినేవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించవలసిన విషయం.

ఏ ఆంప్లిఫయరూ తనకిచ్చిన స్వరాన్ని యథాతథంగా పెంచదు. ఎంతోకొంత తనది కలుపుతుంది. 240 హెర్ట్జ్‌ల షడ్జమం ఇస్తే, దానికి రెండింతలైన 480, మూడింతలైన 720, ఆ వరుసలో మరికొన్ని స్వరాలు లేశమాత్రంగా జతపడతాయి. 480 అంటే తారస్థాయి షడ్జమం. 720 అంటే ఆ స్థాయి పంచమం. 1200 అంటే ఇంకొక స్థాయి పైన అంతరగాంధారం. ఏడింతలు మాత్రం ఏ స్వరస్థానంలోనూ సరిగా ఇమడదు. ఒక మోస్తరు బిగ్గరతనం వద్ద వాల్వు కలిపేది ప్రధానంగా రెండింతల అనుస్వరం. అది షడ్జమానికి షడ్జమాన్నే తోడు తెచ్చుకొన్నట్లు కనుక చెవి దానిని దోషంగా పట్టదు. గొంతు కాస్త నిండుకొన్నట్లు భావిస్తుంది. సరిగా రూపొందించని ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు శక్తికి మించి నడిచినప్పుడు ఐదు, ఏడు, తొమ్మిదింతల అనుస్వరాలు చేరి నాదం గరగరలాడుతుంది. 1970ల నాటి చవక ట్రాన్సిస్టరు యంత్రాలకు వచ్చిన చెడ్డపేరుకు ఇదొక కారణం.

అనుస్వరాలను కావాలని పెంచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. తంబురాలో బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలుదారం అందుకే. దారాన్ని వెంట్రుకవాసి జరిపితే తీగ నిండా అనుస్వరాలు మేలుకొని నాదానికి జీవం వస్తుంది. దానిని జీవా అనే అంటారు. బాల్యంలో విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల మీద ప్రకటించిన పరిశోధనలో ఒక విడ్డూరాన్ని చూపించాడు. తీగను ఎక్కడ మీటితే అక్కడ కదలిక లేని అనుస్వరాలు వినిపించకూడదని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చెప్పిన నియమం. తంబురా వీణలలో అవి కూడా బలంగా వినవస్తాయి. తీగ వంపు తిరిగిన బ్రిడ్జిని ఒరసుకొంటూ కదలడమే దీనికి కారణమని ఆయన వివరించాడు. అంటే తంబురా చేసినవాడు నాదంలో లేనిదానిని ఉద్దేశపూర్వకంగా సృష్టించాడు. వాల్వును సమర్థించేవారికి ఇంతకంటె మంచి వాదం దొరకదు.

అయినా ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. తంబురా ఒక వాద్యం. ఆంప్లిఫయరు వాద్యం కాదు, వాద్యాలన్నిటినీ మోసుకువచ్చే బండి. దారం ఒక్కొక్క తీగకు విడిగా జీవా ఇస్తుంది. వాల్వు తన గుండా పోయే సమస్తాన్నీ కలగలిపి మరీ రంగు వేస్తుంది. రెండు స్వరాలు ఒకేసారి ప్రవేశిస్తే వాటి మొత్తమూ, భేదమూ అయిన కొత్త స్వరాలు పుడతాయి. 240 షడ్జమం, 360 పంచమం కలిస్తే పుట్టేవి 120, 600, మొదటిది మంద్రషడ్జమం, రెండవది తారస్థాయి అంతరగాంధారం, ఇంపుగానే ఉంటాయి. తంబురా షడ్జమం మీద గాయకుడు 270 వద్ద చతుశ్శ్రుతి రిషభం పట్టినప్పుడు మాత్రం మొత్తం 510 అవుతుంది; తారస్థాయిలో అది దాదాపు శుద్ధరిషభ స్థానం. శంకరాభరణంలో శుద్ధరిషభానికి చోటెక్కడిది? ముప్ఫై వయొలిన్లు మోగే సినిమాపాటలో ఇటువంటి జోడీలు వందలు. ఒంటరి గొంతుకు వన్నె తెచ్చిన గుణమే వాద్యబృందానికి మసక తెస్తుంది.

ఈ రంగు పలుచనిదని మొదట చెప్పడానికి ఆధారం ఉన్నది. మంచి హైబ్రిడ్ ఇంట్లో వినే స్థాయిలో కలిపే విరూపణ నూటికి పదోవంతు అయితే, అది అసలు స్వరంకంటె 60 డెసిబెల్లు దిగువన ఉంటుంది. పాట నడుస్తుండగా దానిని పట్టగల చెవులు అరుదు. ఇంకొక సంగతి. 1950లలో మద్రాసు స్టూడియోలలో ఘంటసాల పాడినప్పుడు మైకునుండి టేపుయంత్రం వరకు ఉన్నవన్నీ వాల్వులే. ఆ కాలపు పాటకు వాల్వు రంగు అప్పుడే పడిపోయింది. ఇప్పుడు మరొక పూత దేనికన్న ప్రశ్నకు అమ్మేవారి దగ్గర సరైన జవాబు లేదు.

అయితే ఆ యంత్రం వెలగగానే చాలామంది పెద్దల ముఖాలలో కనిపించే ఆనందం అబద్ధం కాదు. దాని వేరు మరొకచోట ఉన్నది. వాల్వు రేడియో మీట నొక్కగానే పలికేది కాదు; అరనిమిషం వేడెక్కాలి. పెద్ద సెట్లలో స్టేషను కుదిరినప్పుడు ముడుచుకొనే పచ్చని కన్ను ఒకటి ఉండేది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్ళు ఎన్నో. ఆ నాదం నిజంగానే మెత్తగా ఉండేది. కారణం మాత్రం వాల్వు కాదు. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5000 హెర్ట్జ్‌లకు పైబడిన స్వరాలకు చోటే లేదు. స, శ, ష ల ఈలలూ, తాళాల తళుకూ అంతా అక్కడే తెగిపోయేది. మిగిలినది పెద్ద చెక్కపెట్టెలో, రెండు మూడు వాట్ల బలంతో మోగేది. పెట్టె చెక్క తానూ ఒక శ్రుతి కలిపేది. ఆ మెత్తదనమే కావలసి వస్తే, ఏ ఆంప్లిఫయరులోనైనా పైస్వరాల మీటను సగానికి తిప్పితే చాలావరకు వస్తుంది, ఖర్చు లేదు.

యంత్రాల నాదభేదాన్ని గురించిన వాదం ఇండియాలో కంటె అమెరికాలో తీవ్రంగా సాగింది. ఆష్‌బర్న్‌కు దూరం కాని ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతంలోనే 1977లో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు కాన్రాడ్-జాన్సన్ అనే సంస్థను స్థాపించి, లోకమంతా వాల్వును వదిలివేసిన రోజులలో వాల్వు యంత్రాలనే నమ్ముకొని నిలిచారు. మరొకవైపు 1985లో బాబ్ కార్వర్ అనే ఇంజనీరు ఒక సవాలు విసిరాడు. స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులు ఎంతో ఖరీదైన ఆంప్లిఫయరును ఒకదానిని ఎంచుకోవచ్చు. తన చవక ట్రాన్సిస్టరు యంత్రాన్ని 48 గంటలలో సరిగ్గా అలాగే పలికేలా మార్చుతానన్నాడు. న్యూమెక్సికోలోని శాంటాఫేలో ఆయన రెండు యంత్రాల నాదాలనూ ఒకదానినుండి ఒకటి తీసివేసి, మిగిలే శేషాన్ని కొలుస్తూ, అది అడుగంటేదాకా సవరించాడు. చివరికి సంపాదకులు రెండింటి మధ్య భేదం పట్టలేకపోయారు. దీనిని వాల్వుకు అవమానంగా చెప్పుకోవడం అన్యాయం. అనుకరించదగిన గుణం దానికి ఉన్నదని కూడా ఈ కథ నిరూపించింది. ఆ గుణం కొలతకు అందుతుందనీ, గాజుగొట్టంలోనే దాగిన మంత్రం కాదనీ తేలింది.

కనుక కొత్త యంత్రం ఇంటికి వచ్చినప్పుడు చేయవలసిన పరీక్ష ఏమిటి? సాధారణంగా జరిగేది వేరు. పాతదానిని తీసివేసి, కొత్తదానిని పెట్టి, మనసుకు నచ్చిన పాట వేసి, గొంతు ఎదుట నిలిచినట్లున్నదని ఇంటిల్లిపాదీ ఒప్పుకొంటారు. రెండింటిలో ఏది అర డెసిబెల్లు బిగ్గరగా పలికినా చెవి దానిని బిగ్గర అని చెప్పదు, మేలు అని చెబుతుంది. కాబట్టి ముందు సరితూచాలి. 400 హెర్ట్జ్‌ల పరీక్షాస్వరం వేసి, స్పీకరు తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా మల్టీమీటరుతో వోల్టేజి కొలిచి, రెండు యంత్రాల నడుమ తేడా రెండు శాతం మించకుండా చూడాలి. తరువాత యంత్రాలను దుప్పటి చాటున పెట్టి, ఏది మోగుతున్నదో వినేవారికి తెలియకుండా పదిసార్లు వినిపించాలి. ఎప్పుడు ఏది అన్నది నాణెం ఎగరవేసి నిర్ణయించాలి. పదింట తొమ్మిదిగాని, పదిగాని ఊహమీద సరిపోయే అవకాశం 1024లో 11 మాత్రమే. తొమ్మిది సరిగా చెప్పినవారి మాటకు విలువ ఇవ్వవలసిందే. ఆరు చెప్పినవారికి మరొక కప్పు కాఫీ ఇవ్వవచ్చు. సైన్స్ ఫెయిర్‌కు ఏమి చేయాలో తోచక తల్లిదండ్రులను వేధించే పిల్లలకు ఇంతకంటె చక్కని అంశం ఉండదు. తండ్రి కొన్న వస్తువును పరీక్షించే ఉత్సాహం వారికి సహజంగానే ఉంటుంది.

ఆష్‌బర్న్‌లో గత పాతికేళ్ళలో లేచిన ఇళ్ళలో చెక్కనేల, ఎత్తైన కప్పు, బోసిగోడలు సర్వసాధారణం. అటువంటి హాలులో మాట ప్రతిధ్వనిస్తుంది. నేలమీద మందపాటి తివాచీ ఒకటి, స్పీకర్లకు ఎదుటి గోడన పుస్తకాల బీరువా ఒకటి చేర్చితే వచ్చే మార్పు ముందు ఆంప్లిఫయర్ల నడుమ తేడా ఏపాటిది? 40 హెర్ట్జ్‌ల నాదతరంగం పొడవు సుమారు 28 అడుగులు. 14 అడుగుల గదిలో అది గోడకూ గోడకూ మధ్య నిలిచిపోయి, ఒక కుర్చీలో కూర్చొన్నవారికి గుండెలదరగొట్టి, పక్క కుర్చీలో వారికి మాయమవుతుంది. తేడా పది డెసిబెల్లు మించవచ్చు. సోఫాను మూడడుగులు జరపడానికి డాలరు కూడా అక్కరలేదు.

కొనేవారు ఎరగవలసినవి కొన్ని ఉన్నాయి. చవకరకం పెట్టెలు కొన్నిటిలో వాల్వు కింద చిన్న ఎల్‌ఈడీ దీపం దాచి ఎర్రని వెలుగు చూపిస్తారు. వాల్వు అసలు వెలుగు అంత ఆర్భాటంగా ఉండదు. 250 వోల్టుల వద్ద పనిచేయవలసిన వాల్వును పాతిక ముప్ఫై వోల్టులతో సరిపెట్టే యంత్రాలూ ఉన్నాయి. యథార్థమైన పీడనంతో పనిచేసేవాటిలో ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మూత విప్పడం పిల్లల పని కాదు, తెలియని పెద్దల పనీ కాదు. 120 వోల్టుల యంత్రాన్ని సెలవులలో హైదరాబాదు తీసుకుపోయి 230 వోల్టులకు తగిలిస్తే జరిగేది చెప్పనక్కరలేదు. వాల్వులు నేడు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాలలో తయారవుతున్నాయి; 2022లో రష్యానుండి సరఫరా కొంతకాలం తడబడినప్పుడు ధరలు ఎగిసిన సంగతి కొన్నవారికి గుర్తుండే ఉంటుంది.

డబ్బు ఎవరిది వారిది. దానిమీద వ్యాఖ్య అనవసరం. శ్రద్ధ ఎటు పోతున్నదన్నదే ప్రశ్న. సినిమాపాటలను గ్రామఫోను కంపెనీలు భద్రపరిచాయి; అవి ఆష్‌బర్న్ గిడ్డంగులలోనూ ఉంటాయి. 1980లలో సూట్‌కేసులో చీరల నడుమ పెట్టుకొని తెచ్చుకొన్న క్యాసెట్ల సంగతి అలా కాదు. అమ్మమ్మ పాడిన మంగళహారతి, పెళ్ళిపందిట్లో అప్పగింతల పాట, ఊరి గుడిలో హరికథ – వీటికి ప్రపంచంలో రెండవ ప్రతి లేదు. టేపుమీద అయస్కాంతపు పూత రాలిపోయిన చోట స్వరం పోయినట్లే. పోయిన స్వరాన్ని ఏ వాల్వూ తిరిగి పలికించలేదు. ఆష్‌బర్న్‌నుండి గంటకు పైగా కారులో పోతే కల్పెపర్ వస్తుంది. అక్కడ 1969లో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కొండలో కట్టుకొన్న నోట్ల ఖజానాను మార్చి, 2007నుండి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు దేశపు శబ్దసంపదను చల్లగా భద్రపరుస్తున్నారు. అమెరికావారు డబ్బు దాచిన సొరంగంలో పాటలు దాచగా, తెలుగువారి పాటలు వేసవిలో ఉడికిపోయే అటకలమీద అట్టపెట్టెలలో ఉన్నాయి.

మంచి క్యాసెట్ డెక్కులు ఇప్పుడు పాతవే దొరుకుతాయి. బెల్టు మార్పించి, హెడ్డును శుభ్రపరచి, ఆ క్యాసెట్టుకు తగినట్లు హెడ్డు వంపును పైస్వరాలు స్పష్టంగా వినిపించేదాకా సరిచేయాలి. శబ్దభాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లని సూచిస్తుంది. ఆ లెక్కన గంట టేపుకు పట్టే చోటు ఒక గిగాబైటు. రెండు ప్రతులు తీసి, ఒకటి మరొక ఊరిలో బంధువుల ఇంట ఉంచాలి. పాడినది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఎరిగినవారు ఉండగానే రాయించుకోవాలి. గంట టేపుకు గంట పడుతుంది, తొందరమార్గం లేదు. ఆ గంటసేపు వినడానికి హైబ్రిడ్ ఆంప్లిఫయరు నిక్షేపంగా పనికివస్తుంది.